జానెడు కుర్చీలు

రంపమత్తకు ఆ పేరు ఎవరు పెట్టారో వీధిలో ఎవరికీ గుర్తులేదు. చేతిలో ఎప్పుడూ రంపం ఉంటుంది కాబట్టి పెట్టారని ఆమె ముందు అంటారు. నోట్లో కూడా ఉంటుంది కాబట్టి అని ఆమె వెనక అంటారు. రెండు మాటలూ ఆమె చెవిన పడ్డవే. రెండిటికీ పదును తగ్గకుండా చూసుకుంటుంది.

ఆమె చదివింది అయిదో తరగతి. చదువు తలకెక్కలేదని ఇంట్లోవాళ్ళు తీర్పు చెప్పారు గానీ, తలకేం కాలేదు. కాళ్ళే నేలకు ఆనలేదు. ఆ బడిలో బల్లలు ఎవరో పెద్దమనిషి ఇంకెవరో పెద్దమనిషిని మనసులో పెట్టుకుని చేసినవి. వాటి మీద గంటసేపు కూర్చుంటే ఈ పిల్ల కాళ్ళు గాలిలో వేలాడి తిమ్మిరెక్కేవి. మాస్టారు లేచి నిలబడమంటే, లేచి, నిలబడకుండా పడిపోయేది. క్లాసంతా నవ్వేది. "పాఠం చెప్తుంటే నిద్రపోతోంది చూడండి" అనేవాడు మాస్టారు. పిల్లని అనుమానించారు, పిల్ల తెలివిని అనుమానించారు, ఇంటి పెంపకాన్ని కూడా అనుమానించారు. బల్లను మాత్రం ఎవరూ అనుమానించలేదు.

బడి మానేశాక పండ్ల పెట్టెలు కొట్టే షెడ్డులో వంకర మేకులు తిన్నగా చేసే పనికి కుదిరింది. పెట్టెల నుంచి పీటలకు, పీటల నుంచి కుర్చీలకు వచ్చింది. గురువంటూ ఎవరూ లేరు. ఎవరింట్లోనైనా నలభై ఏళ్ళు కదలకుండా నిలబడ్డ కుర్చీ కనిపిస్తే, బాగుచేస్తానని తెచ్చుకుని, బాగానే ఉన్నదాన్ని విప్పి, ఎలా నిలబడిందో చూసి, మళ్ళీ బిగించి ఇచ్చేసేది. అలా పదిమంది ముఖం తెలియని వడ్రంగుల దగ్గర పని నేర్చుకుంది. వాళ్ళెవరూ ఉపన్యాసం ఇవ్వలేదు కాబట్టి త్వరగా వచ్చింది.

ఆమెకు ఒక్కటే నియమం. కూర్చునేవాళ్ళని చూడందే కుర్చీ చెయ్యదు. టేపు ఉంది, అది పలకల కోసం. మనుషులకు మాత్రం నూలుతాడే. మడమ కింద ఒక కొస తొక్కిపట్టి, మోకాలి వెనక మడత దగ్గర ముడి వేస్తుంది. ఆ ముడి ఎత్తే కుర్చీ ఎత్తు. దుకాణం గోడకు మేకుల మీద అలాంటి తాళ్ళు వందకు పైగా వేలాడుతుంటాయి, ఒక్కొక్కదానికి ఒక చీటీ కట్టి. కొన్ని తాళ్ళ మనుషులు ఇప్పుడు లేరు. తాళ్ళు మాత్రం తియ్యలేదు.

ఆమె భర్త ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. రోడ్డు మీద అందరికంటే ముందు కూర్చున్న ఆ మనిషి ఇంట్లో మాత్రం ఎప్పుడూ వెనక సీటే. దుకాణంలో గరుకు కాగితం పెట్టి చెక్క రుద్దడం ఆయన పని. మాట్లాడేది తక్కువ, అదీ ఎక్కువగా బస్సు భాషలో.

దుకాణం పైన గదిలో ఒక లాండ్రీ అమ్మాయి అద్దెకుంటుంది. పెద్దాసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని. మొగుడు లారీ మీద తిరుగుతాడు, పది రోజులకోసారి ఇంటి ముఖం చూస్తాడు. వాళ్ళకు రెండున్నరేళ్ళ కూతురు. గుండ్రంగా ఉంటుందని రంపమత్త దాన్ని బుడంకాయ అని పిలిచింది, అంతే, తల్లి కూడా అసలు పేరు మర్చిపోయింది. మొన్నటిదాకా పక్కింటి పెద్దమ్మ దాన్ని చూసుకునేది. పెద్దమ్మ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుని కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. గత్యంతరం లేక ఆ అమ్మాయి పిల్లని లాండ్రీకే తీసుకెళ్ళడం మొదలుపెట్టింది.

అక్కడి సూపర్‌వైజరు చెడ్డవాడేం కాదు. ఒకరోజు బుడంకాయ ఉడుకుతున్న దుప్పట్ల తొట్టి పక్కన నిలబడి ఆవిరికి టాటా చెబుతుంటే చూశాడు. ఆయనకే చెమటలు పట్టాయి.

"ఇదిగోమ్మా, నీకు పన్నెండు రోజులు టైమిస్తున్నా. ఆ తర్వాత వచ్చే సోమవారం నుంచి పిల్ల గేటు దాటి లోపలికి రాకూడదు. పిల్లని తీసుకొస్తే నువ్వూ రావద్దు. నేను చెయ్యగలిగింది ఇంతే" అన్నాడు.

రంపమత్త రెండు రోజులు పిల్లని దుకాణంలో ఉంచుకుంది. రెండో రోజు వెనక్కి తిరిగి చూసేసరికి బుడంకాయ ఉలి పట్టుకుని, మొన తనవైపు పెట్టుకుని, అత్తను చూసి నవ్వుతోంది. రంపమత్త అరవలేదు. మెల్లగా వెళ్ళి ఉలి తీసుకుని, తల్లి పని నుంచి రాగానే పిల్లని చంకనెత్తుకుని పైకి వెళ్ళింది.

"నా దగ్గర కుదరదే. మనిషిని నరకడానికి పనికొచ్చే సామాను తప్ప నా దుకాణంలో ఇంకేం లేవు. ఆ గ్రంథాలయం వెనక పిల్లల గది ఏమైంది?"

"అది ఇంకా తెరవలేదత్తా."

"ఇంకా?"

"కమిటీ వాళ్ళు మాట్లాడుకుంటున్నారు."

ఆ కమిటీ పేరు పసిపిల్లల కుటుంబాల సమష్టి సహకార సమన్వయ వేదిక. పేరు పూర్తిగా పలికేలోపు పసిపిల్లలు కాస్త పెద్దవుతారు కాబట్టి జనం వేదిక అనేవారు. పద్నాలుగు నెలల కిందట పుట్టింది. బడివాళ్ళు, ఆసుపత్రివాళ్ళు, గ్రంథాలయంవాళ్ళు, వీధి పెద్దలు అందరూ చేతులు కలిపి పిల్లల్ని, వాళ్ళ అమ్మానాన్నల్ని ఆదుకోవాలని దాని ఉద్దేశం. చేతులు కలిపిన మాట నిజం. ప్రతి సమావేశం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కలిపేవారు. సభ్యులు పన్నెండు మంది. అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు. కార్యదర్శి ఒక ఆఫీసులో గుమాస్తా, కాగితం కనిపిస్తే దాని మీద గీతలు గీసి గడులు చెయ్యందే ఊరుకోలేడు. ఆసుపత్రి తరఫున నర్సమ్మ.

పని జరగలేదంటే కళ్ళు పోతాయి. గ్రంథాలయం వెనక గది సంపాదించారు. రెండు కిటికీలు, ఒక కొళాయి, గోడ మీద జిరాఫీ బొమ్మ. ఆ జిరాఫీ ఏ రంగులో ఉండాలన్న దాని మీద మూడు సమావేశాలు నడిచాయి, చివరికి జిరాఫీ రంగులోనే ఉండాలని తేలింది. బొమ్మలు, బంతులు వచ్చాయి. పిల్లలు పాడుచెయ్యకుండా బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి కార్యదర్శి జేబులో క్షేమంగా ఉంది. పిల్లల్ని చూసుకోవడానికి ఒక ఆయమ్మను కూడా నాలుగు నెలల కిందటే పెట్టారు. చేతిలో పిల్లలు లేరు కాబట్టి ఆవిడ సభ్యులకు టీ ఇచ్చేది. పన్నెండు మందిలో ఎవరికి చక్కెర వెయ్యాలో, ఎవరికి వెయ్యకూడదో కంఠతా వచ్చేసింది.

ఇక మిగిలింది కుర్చీలే. కుర్చీలు రాగానే గది తెరుస్తారు. అందాకా గది ఊరికే ఎందుకుండాలని వేదిక అక్కడే సమావేశాలు పెట్టుకుంది, గ్రంథాలయం నుంచి పన్నెండు కుర్చీలు, ఒక పెద్ద బల్ల అరువు తెచ్చుకుని. బుధవారం, శనివారం సాయంత్రాలు నర్సమ్మ వీధి పిల్లల బరువు చూసే రోజులు. గదిలో సమావేశం ఉంటుంది కాబట్టి ఆవిడ బయట మెట్ల మీద తక్కెడ పెట్టి, సమావేశం మధ్యలో లేచివచ్చి తూచేది. పిల్లలు బయట, పిల్లల గురించి చర్చ లోపల. పద్నాలుగు నెలల్లో ఇందులో ఎవరికీ ఏ లోపమూ కనిపించలేదు.

కుర్చీల పని రంపమత్తకే వచ్చింది. లాండ్రీ అమ్మాయికి గడువు పడ్డ మూడో రోజున కార్యదర్శి చీటీ పంపాడు. పిల్లల గదికి పన్నెండు కుర్చీలు, ఒక బల్ల. కింద ఆరు సంతకాలు. చెక్క రకం గడి నింపారు, రంగు గడి నింపారు, తేదీ గడిలో రెండు తేదీలు రాశారు. కొలత అన్న గడి ఖాళీ.

బుధవారం సాయంత్రం చీటీ పట్టుకుని గదికి వెళ్ళింది. సమావేశం జోరుగా ఉంది. తలుపు దగ్గర నిలబడితే ముందుగా బల్ల కింద కాళ్ళు కనిపించాయి, ఆమె చూపు ఎప్పుడూ అక్కడికే పోతుంది. పదకొండు జతలు నేల మీద ఉన్నాయి. అధ్యక్షుడివి మాత్రం గాలిలో ఉన్నాయి. హెడ్మాస్టరు పొట్టి మనిషి. బల్ల పైన గంభీరంగా మాట్లాడుతుంటే బల్ల కింద ఆయన బూట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఊగుతున్నాయి. రంపమత్త చూసింది.

"కొలత గడి ఖాళీగా ఉందండీ" అంది.

కార్యదర్శి చీటీ తీసుకుని తిప్పి చూశాడు. "ఆరు సంతకాలున్నాయి కదమ్మా?"

"సంతకాల మీద కూర్చోలేం కదండీ. ఎత్తెంతో చెప్పాలి."

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడిచాడు. "ఎత్తు అనేది తొందరపడి తేల్చే విషయం కాదు. వచ్చే సమావేశంలో పెడదాం."

"వచ్చే సమావేశం ఎప్పుడండీ?"

"శనివారం" అన్నాడు కార్యదర్శి.

"మరి కుర్చీలు ఎప్పటికి కావాలి?"

"శనివారానికే. ఆ పొద్దున గ్రంథాలయం వాళ్ళు వాళ్ళ కుర్చీలు పట్టుకుపోతారు."

ఈ మాటలో వింతేముందో బల్ల చుట్టూ ఎవరికీ తోచలేదు. నర్సమ్మ ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది.

"ఇంతకీ కూర్చునేదెవరండీ? వాళ్ళని చూస్తే నేనే కొలుచుకుంటా" అంది రంపమత్త.

కార్యదర్శికి విసుగొచ్చింది. "చీటీలో పిల్లల గది అని రాశాం కదమ్మా! ఇలాంటి చిన్న విషయాలు కూడా వేదిక ముందుకి తెస్తే పెద్ద విషయాలు ఎప్పుడు చూస్తాం? అవన్నీ నువ్వే చూసుకో."

"అలాగేనండి" అంది రంపమత్త. ఆమె అంత వినయంగా మాట్లాడటం ఎన్నడూ వినని ఆయమ్మ భయపడి టీ కప్పు కింద పెట్టేసింది.

బయటికొచ్చి మెట్ల మీద చూస్తే పన్నెండు మంది పిల్లలు తక్కెడ కోసం వరసలో ఉన్నారు. కొందరు తల్లుల ఒళ్ళో, కొందరు నాన్నల భుజాల మీద. లాండ్రీ అమ్మాయి చంకలో బుడంకాయ. రంపమత్త జేబులోంచి నూలుతాడు తీసి మెట్టు మీద కూలబడింది. ఆయమ్మ ఒక్కొక్క పిల్ల మడమ పట్టుకుంటే తను ముడులు వేసింది. చక్కిలిగింతకు పిల్లలు మెలికలు తిరిగిపోయారు. పని పూర్తయ్యేసరికి పన్నెండు ముడులు. చిన్నవాళ్ళకు జానెడు. నడిమివాళ్ళకు జానెడు మీద రెండు వేళ్ళు. కాస్త పొడుగరులకు జానెడు మీద నాలుగు వేళ్ళు. బల్ల మూరెడు.

ఇంటికెళ్ళి భర్తకు చెప్పింది. ఆయన గరుకు కాగితం పక్కన పెట్టాడు.

"కమిటీవాళ్ళు తాము కూర్చోవడానికే చేయిస్తున్నారేమోనే" అన్నాడు.

"పన్నెండు మందికీ అదే అనుమానం ఉంటే కాగితం మీద రాసేవాళ్ళు. గడి ఉంది, కలం ఉంది."

"తిప్పి పంపేస్తేనో?"

"పంపనివ్వండి. తిప్పి పంపాలన్నా తీర్మానం కావాలి. అది ఇంకో మూడు నెలలు."

"సోమవారం నుంచి ఆ పిల్ల ఎక్కడుంటుంది మరి?"

రంపమత్త పలక మీద గీత గీసి రంపం తీసుకుంది.

మర్నాడు మొదటి కుర్చీ తయారైంది. బుడంకాయను తెచ్చి కూర్చోబెట్టింది. కాళ్ళు చక్కగా ఆనాయి. పిల్ల వెనక్కి వాలింది, కాళ్ళు రెండూ పైకి లేచాయి. కూర్చునే పలక రెండు వేళ్ళు లోతు ఎక్కువైంది. రంపమత్త తనను తాను ఒక మాట తిట్టుకుంది. తప్పెక్కడ జరిగిందో విచారించడానికి ఉపసంఘం వెయ్యలేదు. కుర్చీ విప్పింది, పలక కోసింది, మళ్ళీ బిగించింది. ఈసారి పిల్ల వాలింది, కాళ్ళు నేల మీదే ఉన్నాయి. "నాదే" అంది బుడంకాయ, దిగకుండా. దింపడానికి బిస్కట్టు కావలసివచ్చింది.

మూడు రోజులు దుకాణంలో పొద్దు పోవడం తెలియలేదు. కాళ్ళు కింద కాస్త బయటికి వాలేలా పెట్టింది, పిల్లలు వంగినా కుర్చీ దొర్లకుండా. వీపు పలకలో చిన్న చెయ్యి పట్టే కంత తొలిచింది, ఎవరి కుర్చీ వాళ్ళే లాక్కోవడానికి. మేకు తల ఎక్కడా పైకి కనపడదు. అంచులన్నీ భర్త రుద్దాడు, చెంప ఆనించి గరుకు తెలిస్తే మళ్ళీ రుద్దాడు. ఎదురింటి దర్జీ అడక్కుండానే మెత్తలు కుట్టిచ్చాడు. లాండ్రీ అమ్మాయి పని నుంచి వచ్చి, ముడతలు పడ్డ వేళ్ళతోనే కుర్చీలకు నూనె పట్టించింది. ఆయమ్మ సందు దొరికినప్పుడల్లా వచ్చి చెక్కపొడి ఊడ్చింది. దీన్ని సహకారం అంటారని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. తెలిసుంటే ముందు ఒక అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవాళ్ళు, కుర్చీలు అక్కడే ఆగిపోయేవి.

శనివారం పొద్దున గ్రంథాలయం వాళ్ళు తమ సామాను పట్టుకుపోయారు. మధ్యాహ్నం తోపుడుబండి మీద పన్నెండు కుర్చీలూ బల్లా గది చేరాయి. అయిదింటికి వేదిక నూట ఇరవయ్యో సమావేశానికి వచ్చింది. ఎజెండాలో ఒకటే అంశం: గది ప్రారంభ తేదీ.

ముందు అధ్యక్షుడు లోపలికొచ్చాడు, ఆగిపోయాడు. వెనకవాళ్ళు ఆయనకు తగిలి ఆగారు. మూరెడు బల్ల చుట్టూ జానెడు కుర్చీలు మెరుస్తున్నాయి.

"ఇవేంటి?" అన్నాడు అధ్యక్షుడు.

"కుర్చీలండీ" అంది రంపమత్త.

"ఎవరికి?"

"పిల్లలకండీ."

"పిల్లలకా?" కార్యదర్శి గొంతు పీలగా వచ్చింది. "మరి మేం?"

ఈ ప్రశ్న గదిలో కాసేపు అలాగే నిలబడింది, కూర్చోవడానికి దానికీ చోటు లేదు.

గ్రంథాలయం పెద్దమనిషి ఒకాయన ధైర్యం చేసి కూర్చున్నాడు. మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళనే కౌగిలించుకున్నాడు. పక్కాయన చెయ్యిస్తే గానీ లేవలేకపోయాడు.

"ఇది వేళాకోళమా?" అన్నాడు అధ్యక్షుడు.

రంపమత్త జేబులోంచి చీటీ తీసి చూపించింది. "కొలత గడి ఖాళీగా ఉందని బుధవారం అడిగానండీ. నువ్వే చూసుకోమన్నారు. కూర్చునేవాళ్ళు బయట మెట్ల మీదున్నారు, చూసుకున్నా."

సంతకాలు పెట్టిన ఆరుగురూ ఆ చీటీని మొదటిసారి చదివారు.

అధ్యక్షుడు తేరుకున్నాడు. ముప్పై ఐదేళ్ళు బడి నడిపిన మనిషి. "సరే. జరిగిందేదో జరిగింది. ఇవన్నీ వెనక్కి తీసుకెళ్ళి, మామూలు ఎత్తువి చేసి తీసుకురా. మూడు వారాలు చాలుతాయి. వేదికకే కూర్చునే చోటు లేకపోతే పిల్లలకు సేవ ఎలా చేస్తాం? అందాకా ప్రారంభం వాయిదా. కార్యదర్శి గారూ, రాసుకోండి."

కార్యదర్శి కలం తీశాడు.

గుమ్మంలో లాండ్రీ అమ్మాయి నిలబడి ఉంది. పని నుంచి నేరుగా వచ్చింది, ఇంకా సబ్బు వాసన వదల్లేదు. వాయిదా అన్న మాట ఆమెకు వినపడింది. మూడు వారాలన్నదీ వినపడింది. సోమవారానికి మధ్యలో ఒక్క ఆదివారమే ఉంది. బుడంకాయను ఇంకో చంకకు మార్చుకుని, "పద పోదాం" అంది. ఆ మాట పిల్లతో అన్నదో తనతో అనుకున్నదో.

పిల్ల పోలేదు. కుర్చీని గుర్తుపట్టింది. తల్లి చంకలోంచి చేపలా జారి, సభ్యుల కాళ్ళ మధ్యనుంచి దారి చేసుకుని, మూల కుర్చీ దగ్గరికి నడిచింది. వీపు కంతలో చెయ్యి పెట్టి బరబరా బల్ల దగ్గరికి లాక్కుంది. కూర్చుంది. పాదాలు రెండూ నేల మీద పెట్టింది. చేతులు రెండూ బల్ల మీద పెట్టింది. తలెత్తి అధ్యక్షుణ్ణి చూసి, "నాదే" అంది.

మెట్ల మీద తక్కెడ కోసం ఆగినవాళ్ళు లోపలికి తొంగిచూశారు. ఇంకొకడు తండ్రి భుజం మీంచి దిగాడు. తర్వాత ఇద్దరు. వాళ్ళను పిలిచినవాళ్ళు లేరు, ఆపినవాళ్ళూ లేరు. ఏది ఎవరి ఎత్తో కూర్చుని చూసుకుని, నచ్చకపోతే లేచి ఇంకోటి లాక్కున్నారు. అయిదు నిమిషాల్లో పన్నెండు కుర్చీలు నిండాయి. ఇరవై నాలుగు పాదాలు నేల మీద ఉన్నాయి. రంపమత్త ఆ పాదాలనే చూస్తూ నిలబడింది, ఒక్కటీ ఊగడం లేదు.

నర్సమ్మ బయటికి వెళ్ళి తక్కెడ ఎత్తుకొచ్చి కొళాయి పక్కన పెట్టింది. "ఇంక ఎండలో నావల్ల కాదండీ. ఇక్కడే చూస్తా."

ఆయమ్మ టీ పళ్ళెం కిటికీలో పెట్టేసి కార్యదర్శి ముందు చెయ్యి చాపింది. "బీరువా తాళంచెవి ఇవ్వండి సార్."

"తీర్మానం లేకుండా ఎలా..."

"నాలుగు నెలల్నుంచి మీకు టీ ఇస్తున్నా సార్. పిల్లలకు బంతి ఇవ్వడానికి తీర్మానం దేనికి?"

కార్యదర్శి అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు పిల్లల వైపు చూస్తున్నాడు. తాళంచెవి చేతులు మారింది.

"మరి మేం ఎక్కడ కూర్చోవాలి?" అన్నాడు అధ్యక్షుడు, ఈసారి నెమ్మదిగా.

అంతవరకూ తోపుడుబండి పక్కన నిలబడ్డ రంపమత్త భర్త లోపలికి తొంగిచూశాడు. "సీట్లు నిండిపోయాయండీ. నిలబడే ప్రయాణం చెయ్యాలి."

అలా వేదిక చరిత్రలో మొదటిసారి సమావేశం నిలబడి జరిగింది. మామూలుగా మూడు గంటలు పట్టేది పదకొండు నిమిషాల్లో అయిపోయింది. ప్రారంభ ఉపన్యాసం అధ్యక్షుడి నడుం నొప్పి దగ్గర ఆగింది. అభ్యంతరం చెప్పబోయిన ఇద్దరికి కాళ్ళు లాగాయి. గది సోమవారం పొద్దున ఏడింటికి తెరవాలని నర్సమ్మ అంటే అందరూ చేతులెత్తారు. కార్యదర్శి కాగితాన్ని జిరాఫీ పొట్ట మీద ఆనించి తీర్మానం రాశాడు. ఈసారి ఏ గడీ ఖాళీ వదల్లేదు.

లాండ్రీ అమ్మాయి గుమ్మం దగ్గరే ఉంది. రంపమత్త ఆమె పక్కకొచ్చింది.

"ఏడింటికంట. నీ పని ఎన్నింటికి?"

"ఏడున్నరకి అత్తా."

"సరిపోతుంది. ఏడుస్తావెందుకే, ఆ కొంగుకి ఇంకా సబ్బుంది, కళ్ళు మండుతాయి."

సోమవారం ఆమె పిల్లని దింపి పనికి వెళ్ళింది. లాండ్రీ గేటు దగ్గర సూపర్‌వైజరు ఆమె చంక చూశాడు, ఖాళీగా ఉంది. గేటు తీశాడు. ఇందులో చెప్పుకోవడానికి ఇంకేం లేదు. మనుషుల కష్టాలు తీరినప్పుడు చూడటానికి ఇలాగే ఉంటుంది, అందుకే నివేదికల్లోకి ఎక్కదు.

నివేదికలోకి ఎక్కింది వేరే. ఏడాది చివర వేదిక అచ్చువేసిన పుస్తకంలో గది గురించి నాలుగు పేజీలున్నాయి. వివిధ రంగాల ప్రముఖులు సమష్టిగా, సమన్వయంతో, అవిశ్రాంతంగా శ్రమించిన ఫలితమని రాశారు. అవిశ్రాంతంగా అన్నది అబద్ధం కాదు, ఆ రోజు కూర్చోవడానికి చోటు దొరకలేదు. కుర్చీల గురించి ఒక వాక్యం: తగిన విధంగా సమకూర్చబడినవి. వడ్రంగి మాట లేదు, దర్జీ మాట లేదు, ఆయమ్మ మాట లేదు. భర్త పుస్తకమంతా వెతికి చెప్తే రంపమత్త నవ్వింది. "నా పేరు వేసుంటే పిల్లలు దాని మీద కూర్చుంటారా?" అంది. ఆ కాగితాలు మందంగా ఉన్నాయని, కొత్త బల్ల కింద ఎత్తుపల్లం సరిచెయ్యడానికి రెండు పేజీలు మడిచి పెట్టుకుంది.

మూడు నెలలకోసారి నూలుతాడు పట్టుకుని గదికి వెళ్తుంది. పిల్లలు ఆమెను చూడగానే వరసగా మడమలు చాపుతారు. పోయినసారి బుడంకాయ కాలు ముడిని వేలెడు దాటింది. "దొంగా, చెప్పకుండా పెరిగావేం?" అని దాన్ని తర్వాతి ఎత్తు కుర్చీకి మార్చింది. ఖాళీ అయిన కుర్చీలోకి ఆ పొద్దునే చేరిన ఇంకో చిన్నది ఎక్కింది.

ఒకరోజు సాయంత్రం అధ్యక్షుడు దుకాణానికి వచ్చాడు, ఒక్కడే, ఎజెండా లేకుండా. కాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. కాసేపు నేటి తరం గురించి మాట్లాడాడు. గోడ మీద తాళ్ళు చూశాడు. చివరికి గొంతు తగ్గించాడు.

"నాకో కుర్చీ కావాలమ్మా. ఇంట్లో రాసుకోవడానికి."

"ఎలాంటిదండీ?"

"ఏదైనా సరే. కాకపోతే..." అని కిందికి చూసుకున్నాడు. "ముప్పై ఐదేళ్ళు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నానమ్మా. ఒక్కరోజూ కాళ్ళు ఆనలేదు. చెప్పుకుంటే నవ్వుతారని చెప్పలేదు."

రంపమత్తకు చాలా మాటలు నోటి దాకా వచ్చాయి. పదునైనవి, ఎప్పటినుంచో దాచుకున్నవి కూడా. అయిదో తరగతి బల్ల ఒకటి కళ్ళ ముందు కదిలింది. ఆమె ముక్కాలిపీట జరిపి ఆయన్ని కూర్చోమంది. బూట్లు విప్పమంది. కింద మోకాళ్ళ మీద కూర్చుని నూలుతాడు కొస ఆయన మడమ కింద పెట్టింది.

"అసలు చిన్నప్పటి నుంచి ఈ ఎత్తు అనే విషయంలో నేను గమనించిందేమిటంటే..." అని మొదలుపెట్టాడు అధ్యక్షుడు.

"మాట్లాడకండి మాస్టారూ" అంది రంపమత్త. "కదిలితే కొలత పోతుంది."

ఆయన మాట్లాడటం ఆపేశాడు. ముడి పడింది.